గిన్నెల ఆంటీ ఆదివారాలు

ఈ మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా హామిల్టన్ నుంచి ఫోన్ వచ్చింది. గిన్నెల ఆంటీ కూతురు. నేనామెని అక్కా అంటాను, ఆమె నన్ను తమ్ముడూ అంటుంది. నేను న్యూజీలాండ్‌లోనే ఈ చివరకి, వెల్లింగ్టన్‌కి, వచ్చేశాక ఆ ఇంటితో మాటలు పలచబడ్డాయి. ఫోన్‌లో పేరు చూసి ఏ కంప్యూటరో పాడయిందనుకున్నాను.

"తమ్ముడూ, అమ్మ పోయింది" అంది.

పక్షవాతమట. కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉందట. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. కార్యక్రమాలన్నీ కూడా అయిపోయాయట. "నీకు చెప్పాలని తోచలేదు. అసలేమీ తోచలేదు" అంది. నేనేదో అన్నాను. ఇలాంటప్పుడు నోట్లోంచి వచ్చే మాట ఒక్కటీ పనికొచ్చేది కాదు.

అప్పుడడిగింది. "నిన్నొకటి అడగాలి. అమ్మ చివర్లో ఎడమచేత్తో సైగలు చేసేది. పిన్నితో చేసేది చూడు, అలాంటివి. నాకవి రావు కదా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో ఏదో తిప్పేది. తర్వాత చెవితమ్మె పట్టుకునేది. మళ్ళీ తిప్పేది. నర్సులు పాపం కుళాయనుకున్నారు, నీళ్ళ సీసా మూతనుకున్నారు, మంచం పైకెత్తమంటోందనుకున్నారు. కనపడినవన్నీ తిప్పారు. అమ్మ కాదు కాదని తలూపేది. ఆఖరిరోజు అదీ మానేసింది. అరచెయ్యి దుప్పటి మీద బోర్లించి పెట్టుకుంది, అంతే. ఆదివారాలు నువ్వు పక్కనే ఉండేవాడివిగా. నీకేమైనా తెలుసా?"

"సాయంత్రం చేస్తానక్కా, మీటింగులో ఉన్నాను" అన్నాను. మీటింగూ లేదు, గీటింగూ లేదు. గాలికి కిటికీ అద్దాలు కొట్టుకుంటున్నాయి. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

సాయంత్రం దాకా టైముంది. అందుకే ఇది రాస్తున్నాను.

హామిల్టన్‌లో ఆవిడ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. పేరు లేక కాదు, ఆవిడ ప్రతి గిన్నె అంచు మీదా చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేది. అయినా అందరికీ గిన్నెల ఆంటీయే, నేనూ ఇక్కడ అలాగే అంటాను. భర్త పోయాక గోదావరి జిల్లా నుంచి కూతురి దగ్గరికి వచ్చేస్తూ, కట్టుకునే చీరల సంగతి తర్వాత చూద్దామని ముందు గిన్నెలు ఓడకెక్కించిన మనిషి. గుండిగలు, డేగిసాలు, బేసిన్లు, పెళ్ళి భోజనాలకి సరిపడా గరిటెలు. అన్నీ స్టీలే. ఆవిడుండే రోటోటూనా పేటలో ఏ తెలుగువాళ్ళింట్లో వ్రతమైనా, సీమంతమైనా, పిల్లల పుట్టినరోజైనా, హాలు బుక్ చేసుకునే ముందు ఆవిడకి ఫోన్ వెళ్ళేది.

గిన్నెలు ఇవ్వడానికి ఆవిడకి ఒకటే షరతు. ఖాళీగా తిరిగి రాకూడదు. పిడికెడు బియ్యమో, రెండు బూరెలో, ఏమీ లేకపోతే ఒక నిమ్మకాయో అందులో వేసి ఇవ్వాలి. ఈ సంగతి తెలియని ఒక కొత్తకోడలు తళతళా తోమిన డేగిసాని ఖాళీగా పట్టుకొస్తే గుమ్మంలోనే నిలబెట్టేసింది. "ఏంటమ్మాయ్, మీ ఇంట్లో ఉప్పు కూడా నిండుకుందా?" అంది. ఆ పిల్ల ఏడుపుమొహం పెట్టేసరికి తనే లోపలికెళ్ళి గుప్పెడు పంచదార తెచ్చి ఆ పిల్ల చేతిలో పోసి, "ఇప్పుడు ఇందులో వెయ్యి. ఆ. ఇప్పుడు లోపలికి రా, కాఫీ తాగుదువుగాని" అంది.

ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. నోరు ఒక మాట చెబుతుంటే చేతులు అదే మాటని పక్కనుంచి ఇంకోసారి చెప్పేవి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాకపోవడం వల్ల ఆవిడకి ఏ పనీ ఆగినట్టు నేను చూడలేదు. పక్కింటి కివీ ముసలాయనతో ఫెన్సింగ్ మీదుగా గంటలు గంటలు మాట్లాడేది. ఆయన ఇంగ్లీషులో, ఈవిడ తెలుగులో, పని మాత్రం చేతులతో. ఆయన పెరట్లో కాసిన పుల్లజామల్లాంటి ఫీజోవా పళ్ళు బకెట్లతో ఇచ్చేవాడు, ఈవిడ వాటిని పప్పులో వేసి గిన్నెడు తిరిగి పంపేది. "ఆయనకి మోకాళ్ళ నొప్పులు, పెద్దకొడుకు మాట్లాట్లేదు" అని ఆయన సంసారం మొత్తం మాకు చెప్పేది. ఎలా తెలిసిందని అడిగితే, "చెప్పాడు కదా" అనేది.

ఆ చేతులు అలా తయారవ్వడానికి కారణం చెల్లెలు. ఆవిడ చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో అలాంటి పిల్లని బడికి పంపాలని ఎవరికీ తోచలేదు, అందువల్ల రాతా లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పసితనంలోనే తమకి తాము సైగలు పుట్టించుకున్నారు. చెల్లెల్ని చేసుకున్నాయనకి వాటిలో సగం వచ్చు. ఆంటీ కూతురు హాస్టళ్ళలో చదువుకున్న పిల్ల, ఆమెకి అదీ లేదు. ఎవరైనా చెల్లెల్ని మూగమ్మ అంటే ఆంటీకి ఒళ్ళు మండేది. "దానికి మాట రాదని ఎవరన్నారు? మీకు వినడం రాదు" అనేది.

ఇక్కడికి వచ్చిన మిగతా అమ్మలందరూ ఫోన్ కార్డులు గీకి నంబర్లు నొక్కి ఇండియాతో కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఆంటీకి ఆ దారి లేదు. చెల్లెలికి ఫోనూ పనికిరాదు, ఉత్తరమూ పనికిరాదు. విమానం ఎక్కిన రోజు నుంచీ వాళ్ళిద్దరి మధ్య మాట అన్నదే లేదు. కూతురు అది చూళ్ళేక కొత్త డెస్క్‌టాప్ కొంది, దానికో కెమెరా తగిలించింది. అటు రాజమండ్రిలో నెట్ సెంటర్. ప్రతి ఆదివారం మరిదిగారు చెల్లెల్ని బస్సెక్కించి అక్కడికి తీసుకురావాలి. ఇటు మధ్యాహ్నం, అటు పొద్దున్న.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, ఒక పుట్టినరోజు పార్టీలో ఆవిడ నన్ను పట్టుకుంది. "అబ్బాయ్, నువ్వు కంప్యూటరే కదా? ఆదివారం భోజనానికి రా." ఆ రెండు మాటలకీ సంబంధమేమిటో నాకు వెళ్ళాక తెలిసింది. నా ఉద్యోగం వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. వైఫై అన్న మాట అప్పటికి ఇళ్ళలో కొత్త, నాకూ కొత్తే. కానీ మనవాళ్ళ దృష్టిలో కంప్యూటర్ చదివినవాడికి వైరున్నవన్నీ రావాలి. ఒకాయన నన్ను వాషింగ్ మెషిన్ కూడా చూడమన్నాడు. రాదండీ అంటే వినయమనుకుంటారు. నేను కుర్రాళ్ళతో కలిసి ఫ్లాట్‌లో ఉడకని అన్నం తింటున్న రోజులవి. గోంగూర వాసనకి నేను పడిపోయానని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఫోన్ ప్లగ్గు హాల్లో ఉంది, కాబట్టి రూటరూ హాల్లోనే. కంప్యూటర్ ఏమో వెనక ఆవిడ గదిలో. హాల్లో పెట్టమంటే ఒప్పుకోలేదు. "వచ్చేపోయేవాళ్ళ ముందు చెల్లితో నేను మాట్లాడలేను. చూసి నవ్వుతారు" అంది. అద్దె ఇల్లు, గోడకి చిల్లు పెడితే ఏజెంటు ఊరుకోడు. నేల మీంచి కేబుల్ లాగాం. మొదటి వారమే ఆవిడ కాలికి తగిలి పడింది. అక్క ఆ కేబుల్‌ని చుట్టచుట్టి ఎవరికో ఇచ్చేసింది. అల్లుడు వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు, వారం విడిచి వారం వచ్చేవాడు. అక్క మాల్‌లో మందులషాపులో పని, ఆదివారాలు డ్యూటీ. ఇంట్లో మిగిలింది ఆంటీ, నేనూ, ఆ దిక్కుమాలిన వైఫై.

అది ఒక ఆదివారం పలికేది, ఒక ఆదివారం పలికేది కాదు. అదే దాని గుణం. పూర్తిగా చచ్చిన వస్తువుతో పేచీ లేదు, పారేస్తాం. ఇది ఒక వారం అద్దంలో చూసినట్టు చూపించేది. మరో వారం బొమ్మ రెండు క్షణాలు కదిలి బిగుసుకుపోయేది. నేను చెయ్యనిది లేదు. ఆపి మళ్ళీ పెట్టాను. డ్రైవర్లు తీసి మళ్ళీ వేశాను. చానల్ మార్చాను. రూటర్‌ని బల్ల మీద, ఫ్రిజ్ మీద, ఆఖరికి కిటికీలో పెట్టాను. ఎక్కడ పెడితే అక్కడికొచ్చి ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది, కొత్త వస్తువు కదాని. హెల్ప్‌లైన్‌వాళ్ళు పాట వినిపించి వినిపించి, ఆపి మళ్ళీ పెట్టమనేవారు. మైక్రోవేవ్ అడ్డమేమోనని వంట ఆపించాను. పక్కింటాయన కార్డ్‌లెస్ ఫోన్ మీద అనుమానమొచ్చింది. ఆంటీ ఫెన్సింగ్ దగ్గరికెళ్ళి చేతులతో ఏం చెప్పిందో గానీ, ఆయన ప్రతి ఆదివారం ఆ వేళకి తన ఫోన్ ప్లగ్గు పీకేసి, పీకానని ఊపి చూపించేవాడు. అయినా మా బొమ్మ బిగుసుకుపోయేది.

కంప్యూటర్ వెనకాల వేలెడంత యాంటెన్నా ఉండేది, స్క్రూలా తిప్పి బిగించేది. ఏదీ చేతకానప్పుడు నేను అక్కడికి దూరి దాన్ని తిప్పేవాణ్ణి. దానివల్ల ఏమీ కాదని నాకు తెలుసు. ఊరికే కూర్చోలేక తిప్పేవాణ్ణి.

ఒక మంచి ఆదివారం చెల్లెలు తెర మీంచి నన్ను చూపించి ఏదో అడిగింది. ఆంటీ జవాబు చెప్పింది. చెల్లెలు ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వి, రెండు వేళ్ళు కలిపి గాల్లో తిప్పింది. ఆంటీ నా వైపు తిరిగి, "నీకు పేరెట్టింది అబ్బాయ్. ఇదీ" అని తనూ తిప్పి చూపించింది. నా చదువూ, ఉద్యోగమూ, ఇంటిపేరూ అన్నీ ఆ రెండు వేళ్ళలో సరిపెట్టేసింది మహాతల్లి. ఆ పూట నుంచి ఆంటీకి నన్ను వంటింట్లోంచి పిలవాలంటే గొంతు అక్కర్లేదు. గుమ్మంలో నిలబడి వేళ్ళు తిప్పేది.

అలా కొన్ని నేర్చుకున్నాను. ముక్కు పక్క వేలు పెడితే అక్క, అంటే ఆంటీ, ముక్కుపుడక గుర్తు. చెవితమ్మె పట్టుకుంటే చెల్లెలు, చెవులు కుట్టించినప్పుడు ఊరు అదిరిపోయేలా ఏడ్చిందట. అరచెయ్యి గిన్నెలా బోర్లిస్తే పనైపోయింది, ఇక పడుకుందాం అని. చిన్నప్పుడు రోజూ అంట్లు తోమి గిన్నెలన్నీ బోర్లించాక ఇద్దరూ ఒకే చాప మీద పడుకునేవారట. ప్రతి ఆదివారం మాటలన్నీ అయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా అలా చెయ్యి బోర్లించేవారు. పడుకునే వేళ అటూ కాదు, ఇటూ కాదు. అయినా అలా చెయ్యనిదే మరిదిగారిని కంప్యూటర్ ఆపనిచ్చేవారు కాదు.

వైఫై ఎందుకలా చేస్తోందో ఆంటీకి ఒక సిద్ధాంతం ఉండేది. "నా గిన్నెలు నలుగురికి అన్నం పెట్టడానికి వెళ్ళిన వారం చెల్లి కనపడుద్ది. ఇంట్లో కూర్చున్న వారం కనపడదు. పుణ్యం అబ్బాయ్, పుణ్యం" అనేది. నేను నవ్వేవాణ్ణి. "ఆంటీ, సిగ్నల్‌కి పుణ్యం తెలీదు" అనేవాణ్ణి. "మరి నీకు తెలిసిందేంటో చెప్పు" అనేది. చానల్ మార్చేవాణ్ణి.

చలికాలం మొదలయ్యాక చెల్లెలికి కడుపులో గడ్డని తేలింది. ఆపరేషన్ విశాఖపట్నంలో. వచ్చే ఆదివారం పొద్దున్న చెల్లెలు నెట్ సెంటర్‌కి వచ్చి ఆంటీతో మాట్లాడి, అక్కణ్ణించి అటే రైలెక్కాలి. సంగతి తెలిసిన రోజు నుంచీ ఆంటీ ఫోన్ వదల్లేదు. తెలిసిన ఇళ్ళన్నింటికీ వరసగా చేసింది. "ఏమ్మా, ఈ వారం మీ ఇంట్లో ఏం లేదా? వ్రతమేదో చేసుకుంటానన్నావుగా? గిన్నెలిస్తాను. నేనొచ్చి వండిపెడతాను కూడాను." ఎవరింట్లోనూ ఏమీ లేదు. పొగమంచు, వాన, పిల్లలకి జలుబులు. పులిహోరకని ఒక చిన్న బేసినైనా తీసుకెళ్ళమని ఒకావిణ్ణి బతిమాలింది. ఆవిడ కూడా మొహమాటపడి వద్దంది. ఆంటీ ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "ఈ వారం పుణ్యానికి గిరాకీ లేదబ్బాయ్" అంది. నవ్వుతూనే అంది. చేతులు మాత్రం ఒళ్ళో పడి ఉన్నాయి. అవి అలా కదలకుండా ఉండడం నేను అప్పటిదాకా చూడలేదు.

ఆదివారం నేను తెల్లారకుండానే వెళ్ళాను. అన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. చెల్లెలు తెర మీదకి వచ్చింది. చిక్కిపోయింది, అయినా పట్టుచీర కట్టుకుంది. నన్ను చూసి వేళ్ళు తిప్పింది. ఆంటీని చూసి ముక్కు పక్కకి వేలు తీసుకెళ్ళింది. వేలు ముక్కుని తాకకముందే బొమ్మ బిగుసుకుపోయింది.

ఆంటీ ఊరుకోలేదు. కదలని బొమ్మకి సైగలు చేస్తూనే ఉంది, అటు కనపడుతుందేమోనని. నేను హాల్లోకీ గదిలోకీ పరిగెత్తుతున్నాను. రూటర్ ఆపి పెట్టాను. యాంటెన్నా తిప్పాను. ఏమీ లాభం లేక, "ఆంటీ, ఇది ఆపేసి మోసుకెళ్ళి హాల్లో రూటర్‌కి తగిలిద్దాం. కాసేపట్లో అయిపోద్ది" అన్నాను. ప్లగ్గు మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోకు!" అంది. నా మీద ఆవిడ అరవడం అదొక్కసారే. "ఆపితే మొహం పోద్ది."

ఇంతలో ఫోన్ మోగింది. నెట్ సెంటర్ నుంచి మరిదిగారు. నేను స్పీకర్ నొక్కి కంప్యూటర్ పక్కన పెట్టాను.

"వదినగారూ, మీరు కదలట్లేదండి ఇక్కడ."

"ఇక్కడా అంతే. అదేం చేస్తోందో చెప్పండి."

"ఏదో అంటోందండి. ముక్కు మీద వేలు పెట్టింది."

"నేను. తర్వాత?"

"గుప్పెట మూసి గుండెల మీద పెట్టుకుందండి. ఊపుతోంది. ఇది నాకు తెలీదండి."

ఆంటీ చెయ్యి కూడా గుప్పెటై గుండెల మీదకి వెళ్ళింది. "భయమేస్తోందంటోంది" అంది. అది ఫోన్‌కి చెప్పినట్టు లేదు, నాకు చెప్పినట్టూ లేదు.

"ఏం చెప్పమంటారండి?"

"ముందు మీ ముక్కు పక్క వేలు పెట్టండి. నేనంటున్నానని తెలియాలిగా. పెట్టారా? ఇప్పుడు రెండు చేతులతో చాప పరిచినట్టు చెయ్యండి. పరిచి, పక్కన తట్టండి. నా పక్కన పడుకో అని."

"ఇక్కడ జనం ఉన్నారండి..."

"ఉండనీండి బాబూ! మీకు దణ్ణం పెడతాను, చెయ్యండి!"

ఆంటీ ఫోన్ వైపే చూస్తోంది. నేను యాంటెన్నా పట్టుకుని నిలబడ్డాను. తిప్పడం లేదు, పట్టుకున్నానంతే.

"ఆయ్, చేశానండి" అన్నాడాయన. "నవ్వుతోందండి. నాకు రాలేదని నవ్వుతోంది." కాసేపటికి, "చెయ్యి బోర్లించిందండి వదినగారూ. అది నాకు తెలుసు. రైలు టైమైంది" అన్నాడు.

ఆంటీ ఆ కదలని బొమ్మ ముందు తన చెయ్యి బోర్లించింది. అటు ఎవరూ చూడలేదు. ఫోన్ ఆగిపోయాక కూడా ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. అక్క డ్యూటీ నుంచి వచ్చేదాకా కంప్యూటర్ ఆపనివ్వలేదు.

గడ్డ తీశారు గానీ మనిషి ఇంటికి రాలేదు. కబురు ఆ వారం మధ్యలో వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆంటీ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడే, "కూర్చో, అన్నం తిందువుగాని" అంది. ఏడ్చిందో ఉల్లిపాయలో నాకు తెలీదు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బొమ్మ పంపడం తెలిసిన లోకంలో, హాల్లోంచి వెనకగదిలోకి పంపడం మాకు చేతకాలేదు.

కొన్నాళ్ళకి అక్క ఆ కంప్యూటర్ తను వాడుకుంటాను, పాతవన్నీ తుడిచిపెట్టమంది. వెళ్ళాను. ఆ రోజు ఎవరింట్లోనో అన్నప్రాసన, గిన్నెలు వెళ్ళాయి. కంప్యూటర్ పెట్టగానే సిగ్నల్ గీతలన్నీ నిండుగా వెలిగాయి. ఒళ్ళు మండి లేచి నడవాలోకి వచ్చాను. అక్కడ ఇంటికి నీళ్ళు కాచే సిలిండర్ ఉండే అల్మారా తలుపు తీసి ఉంది. తెల్లవాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. మనవాళ్ళు చలికాలంలో పెరుగు తోడుపెడతారు, ఇడ్లీపిండి పులియబెడతారు. ఆంటీ దాన్ని గిన్నెల గది చేసుకుంది, తడి తగలదని. కిందనుంచి పైదాకా గుండిగలూ డేగిసాలూ పేర్చి ఉండే ఆ అరలు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. అల్మారాకి ఇటు హాలు, రూటర్. అటు ఆంటీ గది. ఆ గిన్నెలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రెండింటి మధ్యా నిలువెత్తు స్టీలు గోడ. నేను ఎన్ని ఆదివారాలు ఆ తలుపు పక్కనుంచి పరిగెత్తానో!

ఆంటీ నా వెనకాల వచ్చి నిలబడింది. చెప్పాను. చెప్పకుండా ఎలా ఉండను? గిన్నెలు ఇంట్లో ఉంటే అడ్డం, వెళ్తే దారి అని చేతులతో చూపించి మరీ చెప్పాను. ఆవిడ ఖాళీ అరల వైపు చాలాసేపు చూసింది.

"అయితే పుణ్యం కాదన్నమాట" అంది.

నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "ఇంతకాలం అదే అనుకున్నానబ్బాయ్. పోనీలే, ఇంతమందికి పెడుతున్నానని దేవుడు దాన్ని చూపిస్తున్నాడనుకున్నాను" అంది.

సాయంత్రం గిన్నెలు తిరిగొచ్చాయి. గుండిగలో ఎవరో రెండు లడ్డూలు వేసి పంపారు. "ఇవి గరాజ్‌లో పెట్టేస్తాను ఆంటీ, ఇకనుంచి అడ్డముండవు" అన్నాను. "ఇకనుంచి ఎవరితో?" అంది. తుడిచి తుడిచి, ఒక్కొక్కటే తీసుకెళ్ళి పాత చోటే పేర్చింది, అన్నీ బోర్లించి. నేను అందించాను. గదిలో గీతలు తగ్గి ఉంటాయి. మేమిద్దరం వెళ్ళి చూడలేదు.

ఆ తర్వాత నాకు ఇక్కడ ఉద్యోగం దొరికింది, వచ్చేశాను. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు.

సాయంత్రమైంది. ఇప్పుడు అక్కకి ఫోన్ చెయ్యాలి. మధ్యాహ్నం ఆమె చెబుతుండగానే నాకు తెలిసిపోయింది, తెలియకేం. వేళ్ళు తిప్పడం నేను. చెవి చెల్లెలు. మళ్ళీ వేళ్ళు తిప్పడం మళ్ళీ నేనే. ఏ చానల్ మార్చినా అందని చోటికి వెళ్ళిపోయిన చెల్లెల్ని కలపమని, ఏనాడూ సరిగా కలపలేకపోయిన నన్ను పిలిచింది. నర్సులు కుళాయిలు తిప్పారు. నేనిక్కడ ఆఫీసులో వాళ్ళెవరో రాసినదాంట్లో తప్పులు వెతుక్కుంటున్నాను. అక్క అప్పుడు ఒక్క ఫోన్ చేసి ఉంటే వెళ్ళేవాణ్ణి. వెళ్ళి ఏం చేసేవాణ్ణో తెలీదు. మంచం పక్కన నిలబడి వేళ్ళు తిప్పేవాణ్ణి, వచ్చానని.

అక్క మొదటి రింగుకే ఎత్తింది.

"చివరిది తెలుసక్కా" అన్నాను. "చెయ్యి బోర్లించడం. పనైపోయింది, ఇక పడుకుందాం అని. వాళ్ళిద్దరూ రోజూ అలాగే చెప్పుకునేవారట."

అటు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అయితే అమ్మ ప్రశాంతంగానే వెళ్ళిందన్నమాట."

"అవునక్కా."

"మరి ఆ తిప్పడం? అన్ని రోజులూ తిప్పుతూనే ఉంది తమ్ముడూ. అదేంటి?"

"అది మాత్రం నాకు తెలీదక్కా" అన్నాను.